గుడ్డ కప్పమన్న డిస్ప్లే కమిటీకి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన డీన్ గారికి, డిస్ప్లే కమిటీలో ఉన్న సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

మొన్న సోమవారం ప్రింట్ స్టూడియో తలుపు మీద ఒక కాగితం అంటించారు. కోర్సు చివర మార్కుల కోసం పెట్టే ఫైనల్ డిస్ప్లేలో ఇద్దరు స్టూడెంట్ల వర్క్స్ "కుటుంబ సమేతంగా వచ్చే సందర్శకుల దృష్ట్యా" తీసెయ్యాలట, లేదంటే గుడ్డ కప్పి ఉంచి, మార్కులు వేసే జ్యూరీ వచ్చినప్పుడు మాత్రం గుడ్డ తీసి చూపించి మళ్ళీ కప్పెయ్యాలట. కింద సంతకం లేదు, తేదీ లేదు, స్టాంపు కూడా లేదు. ఎవరు రాశారని అడిగితే కమిటీ అన్నారు, కమిటీలో ఎవరున్నారని అడిగితే డీన్ గారిని అడగమన్నారు, డీన్ గారేమో మీటింగులో ఉన్నారు. మేం ఇచ్చిన అర్జీకి ఇంతవరకు జవాబు లేదు, అందుకే ఇలా అందరూ చదివేలా రాయాల్సి వస్తోంది.

ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. రెండో మనిషి నా క్లాస్‌మేట్. ఆమె ఒప్పుకున్నాకే ఆమె సంగతి కూడా ఇందులో రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. మన యూనివర్సిటీ పేరు కూడా రాయడం లేదు. మీ పరువు కాపాడాలని కాదు లెండి. పేరు రాస్తే ఇది ఆ ఒక్క క్యాంపస్ గొడవ అనుకుని మిగతా ఫైన్ ఆర్ట్స్ కాలేజీల వాళ్ళు హాయిగా పక్కకు తప్పుకుంటారు.

ముందు బొమ్మల్లో ఏముందో చెప్తాను, ఎందుకంటే కమిటీలో అందరూ వాటిని చూడలేదని నాకు గట్టి అనుమానం. నావి జింకు ప్లేట్ల మీద గీసి, యాసిడ్‌తో కొరికించి, కాగితం మీద అచ్చు తీసిన ఎచింగ్‌లు. లేడీస్ హాస్టల్ గది, దగ్గరికి జరిపేసిన రెండు ఇనుప మంచాలు. ఒక ప్రింట్‌లో ఒకమ్మాయి ఇంకో అమ్మాయి తలకి నూనె పెడుతోంది. ఇంకోదాంట్లో ఇద్దరూ ఎండ పూట ఒకరి మీద ఒకరు కాలేసుకుని నిద్రపోతున్నారు, పైన ఫ్యాను, కిటికీ ఊచలకి ఆరేసిన తువ్వాళ్ళు. మరోదాంట్లో ఒకమ్మాయి అద్దంలో తనని చూసుకుంటుంటే, రెండో అమ్మాయి మంచం మీంచి ఆమెను చూస్తోంది. నైటీలు, చుడీదార్లు వేసుకునే ఉన్నారు. ఆ పూల నైటీ మీద ఆక్వాటింట్, అంటే నీడల పొర, వెయ్యడానికి నా చేతులు పడిపోయాయి కాబట్టి బట్టలున్నాయని ప్రమాణం చేసి చెప్పగలను.

మరి అభ్యంతరం దేనికి? గోడకి అంటించే స్టేట్‌మెంట్‌లో నేను రాసిన ఒక్క వాక్యానికి. ఈ ఇద్దరూ ప్రేమించుకుంటున్నారు, ఇందులో ఒకరు నేను, అని రాశాను. కమిటీలోని ఒక మేడమ్ నన్ను పక్కకి పిలిచి, నిజంగా ప్రేమగానే, "ఆ లైను తీసెయ్యమ్మా, హాస్టల్ జీవితం మీద సిరీస్ అని రాసెయ్, బొమ్మలు చాలా బాగొచ్చాయి, ఉంచేద్దాం" అన్నారు. అంటే అవే బొమ్మలు, అదే ఇంకు, అవే కాళ్ళు. లైను తీసేస్తే కుటుంబాలు చూడొచ్చు, లైను ఉంటే గుడ్డ కప్పాలి. మీరు అశ్లీలం అని చెప్తున్నది బొమ్మలో లేదని మీ కమిటీ మేడమే ఒప్పేసుకున్నారు కదా? ఇద్దరమ్మాయిలు కాలేసుకుని పడుకుంటే చూడలేనిదేమీ లేదు, మన ఇళ్ళల్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు కూడా. అది ప్రేమ అని మేమే చెప్తే మాత్రం ఊరుకోరు.

నా క్లాస్‌మేట్‌ది ఫోటోల సిరీస్. వాళ్ళది గుంటూరు వైపు, పద్య నాటకాలు ఆడే కుటుంబం, వాళ్ళ తాతయ్య స్త్రీ వేషాలు కట్టేవారు. ఆమె ట్రాన్స్ అమ్మాయి, అయినా యూనివర్సిటీ ఆమెను ఇప్పటికీ బాయ్స్ హాస్టల్లోనే ఉంచింది. అందరూ లేవకముందే లేచి, బాత్రూమ్ గడియ పెట్టుకుని చీర కట్టుకుని, పైన జాకెట్ వేసుకుని సైకిల్ మీద స్టూడియోకి రావడం, సాయంత్రం కల్చరల్స్‌లో స్టేజీ మీద సత్యభామగా జడ పట్టుకుని నిలబడటం, అన్నీ తనే టైమర్ పెట్టుకుని తీసుకుంది. చివర్లో ఒక ఫ్రేములో హాల్ టికెట్లు వరసగా అంటించింది, అన్నిటి మీదా ఆమె వదిలేసిన పాత పేరే. ఇందులోనూ నగ్నత్వం లేదు. దీనికి చెప్పిన కారణం "హాస్టల్ పరువు".

కల్చరల్స్ రోజు అదే సత్యభామను చూసి ముందు వరసలో కూర్చున్న పెద్దలంతా చప్పట్లు కొట్టారు. ఒక సారైతే, భామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారు గుర్తొచ్చారమ్మా అని కళ్ళు తుడుచుకున్నారు. కూచిపూడి భామాకలాపంలో తరతరాలుగా మగవాళ్ళే భామ వేషం కట్టారనీ, రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారనీ అందరం గర్వంగా చెప్పుకుంటాం. మంచిదే. మర్నాడు పొద్దున అదే మనిషి అదే చీరలో ఆర్ట్ హిస్టరీ క్లాసుకి వస్తే బయట నిలబెట్టారు. స్టేజీ దిగాక వేషం తీసేసే మగవాడైతేనే మనకి ముద్దు. వేషం కాదు, నేనే ఇలా ఉన్నాను అని చెప్పే మనిషికి హాజరు కూడా వెయ్యరు.

మీలో ఒక సార్ ఈ క్వియర్ (స్వలింగ ప్రేమికుల, ట్రాన్స్ మనుషుల), ఫెమినిస్ట్ గొడవలన్నీ విదేశీ పుస్తకాల్లోంచి దిగుమతి అయ్యాయన్నారట. కాదు సార్, నాకు మీ లైఫ్ స్టడీ క్లాసులోంచే వచ్చాయి. మోడల్ అక్క పొద్దున్నే వస్తుంది, బట్టలు తీసి స్టూలు మీద కూర్చుంటుంది, మేం గీస్తాం. మా సీనియర్లకి సీనియర్లు కూడా ఆమెనే గీశారు. ఆమె వీపు, నడుము, మోకాళ్ళు ఈ బిల్డింగ్ నిండా ఉన్నాయి, కారిడార్ గోడల మీద ఫ్రేముల్లో ఉన్నాయి, స్టోర్ రూమ్‌లో చెదలు తింటున్న కాగితం చుట్టల్లో ఉన్నాయి. ఒక్క లేబుల్ మీద కూడా ఆమె పేరు లేదు, "ఫీమేల్ న్యూడ్, చార్‌కోల్ ఆన్ పేపర్" అనే ఉంటుంది, కింద గీసిన వాళ్ళ పేరు. ఆమెకి ఇచ్చేది రోజు కూలి, సెలవుల్లో అదీ లేదు. ఒకసారి బ్రేక్‌లో టీ తాగుతూ నా బోర్డు దగ్గరికొచ్చి చూసి, "నా పొట్ట మీద ఆపరేషన్ కోత ఉంటది కదా, అదెందుకు పెట్టలే?" అని అడిగింది. పెట్టకపోవడానికి కారణం, గీత పాడవుతుంది వదిలెయ్ అని సార్ చెప్పడం. ఆ కోత లేని పొట్ట ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు, ఆమెది మాత్రం కాదు.

ఆడదాని ఒళ్ళు గీయడం తప్పు కాదని మీరే నేర్పారు, అందుకు మీకు థ్యాంక్స్. ఎవరు చూస్తున్నారు, ఎవర్ని కూర్చోబెట్టి చూస్తున్నారు, కూర్చున్న మనిషిది ఏ బస్తీ, ఏ కులం, కూర్చోనని చెప్పే వీలు ఆమెకుందా అన్న ప్రశ్నలు మాత్రం సిలబస్‌లో లేవు. ఆ ప్రశ్నలడిగినందుకే నేను మంచాలని, నూనె సీసాని గీయడం మొదలుపెట్టాను. నన్ను నేను గీసుకుంటే కనీసం పర్మిషన్ ఎవరిదో నాకు తెలుసు.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి, నాకు మగ ఆర్టిస్టుల మీద, శృంగారం మీద కోపం లేదు. నేను ప్రింట్‌మేకింగ్‌లోకి వచ్చిందే లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్‌లు చూసి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లోనూ ఆ తర్వాత బరోడాలోనూ చదువుకుని, పల్లెటూరి ఆడామగల కోరికని మేకలతో చెట్లతో కలిపి అంత బాహాటంగా జింకు మీద గీసిన మనిషి ఆయన. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పారు, 2016లో పద్మశ్రీ వచ్చింది. మా క్లాసుల్లో ఆయన ప్రింట్లు ప్రొజెక్టర్ మీద వేసి లైన్ చూడండి, టెక్స్చర్ చూడండి అంటారు. ఎవరూ గుడ్డ కప్పరు, కప్పకూడదు కూడా. నా ఎచింగ్‌లు ఆయన వాటి ముందు ఎంత బుద్ధిగా ఉంటాయో మీకు తెలుసు. అయినా నా వాటికే గుడ్డ. మగవాడి కోరిక బొమ్మలో ఉంటే అది జానపద జీవశక్తి, మా కోరిక ఉంటే కుటుంబ సందర్శకులు గుర్తొస్తారు.

భూపేన్ ఖఖర్ గురించి కూడా మాట్లాడుకుందాం. మోడర్న్ ఇండియన్ ఆర్ట్ పేపర్‌లో ఆయన మీద తప్పకుండా ప్రశ్న వస్తుంది. బరోడా చిత్రకారుడు, వృత్తి చార్టర్డ్ అకౌంటెంట్, బజారు బొమ్మల రంగులు, కథ చెప్పే చిత్రాలు, మధ్యతరగతి మనుషులు, ఇలా పాయింట్లు రాస్తే మార్కులు పడతాయి. ఆయన మగవాళ్ళని ప్రేమించిన మగవాడనీ, దాన్ని 1980ల నుంచి బొమ్మల్లో బాహాటంగా చెప్పుకున్నాడనీ నోట్స్‌లో ఒక్క ముక్క ఉండదు. 1981లో వేసిన "యు కాంట్ ప్లీజ్ ఆల్"లో బాల్కనీలో బట్టల్లేకుండా నిలబడి, గాడిదని తోలుకెళ్ళే తండ్రీకొడుకుల కథని కిందికి చూస్తున్న మనిషి ఎవరు, ఎందుకలా నిలబడ్డాడు అనేది చెప్పకుండా ఆ బొమ్మ పాఠం ఎలా పూర్తవుతుంది? లండన్ టేట్ మోడర్న్‌లో 2016లో ఆయన బొమ్మలతో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టి దానికి ఆ బొమ్మ పేరే పెట్టారు. ఇద్దరు మగవాళ్ళు నగ్నంగా కౌగిలించుకున్న ఆయన బెనారస్ బొమ్మ 2019లో లండన్ వేలంలో 25 లక్షల పౌండ్లకి పైగా పలికింది. వేలం ధర మాత్రం మన సార్లందరికీ నోటికి వచ్చు. జ్యూరీలో మీరడిగే "నీ మీద ఎవరి ప్రభావం ఉంది" అన్న ప్రశ్నకి నేను ఖఖర్ అని చెప్తే రంగుల వరకే మాట్లాడమంటారా?

ఇక్కడ చాలామంది స్నేహితులు ఒక సలహా ఇచ్చారు. గుళ్ళ గురించి రాయవే, నోరు మూసుకుంటారు అని. రాయొచ్చు. రామప్ప స్టడీ టూర్‌లో మీరే మా చేత ఆ గుడి మీది మదనికల, అంటే రాతి నర్తకిల నడుములు గీయించారు. కోనసీమలోని ర్యాలిలో విగ్రహం ముందు నుంచి కేశవస్వామి, వెనక్కి వెళ్ళి చూస్తే జగన్మోహిని, ఒకే రాయి. మా ఊరికి దగ్గర్లోని వేములవాడ రాజన్న గుడిలో శ్రీరామనవమి నాడు ఓ పక్క సీతారాముల కల్యాణం జరుగుతుంటే శివపార్వతులని పిలిచే, శివుడికి అంకితమైన ఆడవాళ్ళు, హిజ్రాలు త్రిశూలాలు పట్టుకుని, తలంబ్రాలు పోసుకుని శివుణ్ణి పెళ్ళాడతారు. చిన్నప్పుడు నాన్న భుజమెక్కి చూశాను, ఊరంతా చూస్తుంది, ఎవరూ పిల్లల కళ్ళు మూయరు.

కానీ నాకు ఈ వాదన పూర్తిగా నచ్చదు. రాజుల కాలంలో ఉంది కాబట్టి మాకూ పర్మిషన్ ఇవ్వండి అని బతిమాలుకున్నట్టుంటుంది. పైగా ఆ రాతి నర్తకిల్ని కూడా ఎవరూ అడిగి చెక్కి ఉండరు. దేవుడికి అంకితమిచ్చి జోగినులుగా మార్చింది ఎక్కువగా దళిత కుటుంబాల ఆడపిల్లల్నే, ఆ ఆచారాన్ని 1988లో చట్టం పెట్టి నిషేధించాల్సి వచ్చింది, దాన్ని రంగురంగుల సంప్రదాయంగా బొమ్మ కట్టి అమ్ముకోవడం నాకు చేతకాదు. పండగ రోజు తలంబ్రాలు పోసుకున్న హిజ్రాకి మర్నాడు ఊళ్ళో అద్దెకి గది దొరకదు. మా రాజకీయం అంటే ఇదీ, గుడి గోడ మీద ఉందా లేదా అన్న లెక్క కాదు.

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది ముద్దుపళని కథ. తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ఆ కవయిత్రి రాసిన రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠంతో 1910లో అచ్చు వేయించింది. ఆ కాలపు సంస్కర్తలకి, పండితులకి ఒళ్ళు మండింది. కందుకూరి వీరేశలింగం గారికి కూడా ఆ కావ్యంలోని శృంగారం ఆడదాని నోటి నుంచి రావలసింది కాదనిపించింది. మగ కవుల ప్రబంధాల్లో ఇంతకంటే పచ్చిగా ఉన్నవాటికి లేని అభ్యంతరం దీనికే ఎందుకని నాగరత్నమ్మ ఎదురు ప్రశ్న వేసింది. ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది, ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గానీ ఆ నిషేధం పోలేదు. అంటే నాగరత్నమ్మ అడిగిన ప్రశ్న వయసు ఇప్పటికి నూరేళ్ళు దాటింది, మన డిపార్ట్‌మెంట్ దాకా ఇంకా రాలేదంతే. అన్నట్టు, ముద్దుపళని తెలుగు ఎంఏ సిలబస్‌లో ఉందో లేదో పక్క బ్లాకులో అడిగి చూడండి, మా క్లాసులో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక అసలు భయం దగ్గరికి వద్దాం. మీటింగులో ఒకరు "ఇక్కడ ఇంకో బరోడా మనకొద్దు" అన్నారని విన్నాను. బరోడాలో ఏం జరిగిందో జూనియర్ల కోసం చెప్తాను. 2007 మే 9న మహారాజా సయాజీరావు యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో పరీక్షల కోసం పెట్టిన వర్క్స్ దగ్గరికి బయటి నుంచి ఒక గుంపు వచ్చింది. మన తెలుగు కుర్రాడు చంద్రమోహన్ ప్రింట్‌మేకింగ్ వర్క్స్ మీద దేవుళ్ళని అవమానించాడని గొడవ చేశారు. పోలీసులు అతన్నే అరెస్టు చేశారు, గుంపుని కాదు. అది బహిరంగ ఎగ్జిబిషన్ కూడా కాదు, మార్కుల కోసం పెట్టిన డిస్ప్లే. తోటి స్టూడెంట్లు నిరసనగా భారతీయ కళలో శృంగారం మీద ఫోటోలతో ఒక ప్రదర్శన పెట్టారు. అది మూసెయ్యమని పైనుంచి ఆర్డర్ వస్తే అప్పుడు ఇన్‌చార్జి డీన్‌గా ఉన్న శివాజీ పణిక్కర్ గారు మూయనన్నారు, సస్పెండ్ అయ్యారు. చంద్రమోహన్ రిజల్ట్ ఏళ్ళ తరబడి ఇవ్వలేదు. 2018 ఫిబ్రవరిలో అదే యూనివర్సిటీ వీసీ ఆఫీసుకి నిప్పు పెట్టాడన్న ఆరోపణతో అతను మళ్ళీ అరెస్టయ్యాడు, అప్పటికి పదకొండేళ్ళుగా డిగ్రీ కోసం తిరుగుతున్నాడు. నిప్పు పెట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఒక పిల్లాడి పరీక్ష పేపర్ లాంటి వర్క్‌ని యూనివర్సిటీయే కాపాడకపోతే అతని జీవితం ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి.

బరోడా నుంచి మీరు నేర్చుకున్నది స్టూడెంట్లు జాగ్రత్తగా ఉండాలని. నాకు మాత్రం ఆ కథలో డీన్ గారే ముఖ్యంగా కనిపిస్తారు. గుంపు వచ్చినప్పుడు తలుపు దగ్గర ఎవరు నిలబడతారు అన్నది బొమ్మ గీసేవాళ్ళు కాదు, మీరు తేల్చుకోవాల్సిన విషయం. ఇప్పుడైతే ఏ గుంపూ రాలేదు. ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదు. రాబోయే గుంపు ఏం అంటుందో ఊహించుకుని, వాళ్ళ పని వాళ్ళకంటే ముందే మీరు చేసిపెట్టారు.

చట్టం సంగతి క్లుప్తంగా. నేను లాయర్ని కాను, కానీ మా ఫ్రెండ్స్‌లో ఉన్నారు. సుప్రీంకోర్టు 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన నల్సా తీర్పులో ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకునే హక్కుని గుర్తించింది, 2018 సెప్టెంబర్ 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్‌ని పెద్దల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించకుండా చేసింది. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేయనిచ్చే నిజాం కాలపు చట్టం ఒకటి 1919 నుంచి మన నెత్తి మీద ఉండేది, తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. కోర్టు కొట్టేసిన ఆ చట్టాన్ని మన బాయ్స్ హాస్టల్ వార్డెన్ గారు ఇంకా అమలు చేస్తున్నారు. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న ఏ విద్యాసంస్థా వివక్ష చూపకూడదు, కంప్లయింట్ వినడానికి ఒక ఆఫీసర్ని కూడా పెట్టాలి. ఆ చట్టంలో లోపాలు బోలెడున్నాయి, సర్టిఫికెట్ కోసం కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిప్పడం అందులో ఒకటి, కానీ ఉన్న మేరకైనా మన దగ్గర ఎవరు చదివారు? యూజీసీ 2016లో ర్యాగింగ్ నిబంధనలు సవరించి జెండర్, లైంగికత పేరుతో వేధించడాన్ని కూడా ర్యాగింగ్‌లో చేర్చింది. మన గేటు దగ్గరి ర్యాగింగ్ బోర్డు మీద ఆ ముక్క లేదు. అశ్లీలం విషయానికొస్తే, 2014లో అవీక్ సర్కార్ కేసులో నగ్నత్వం ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని సుప్రీంకోర్టే చెప్పింది. 2024 అక్టోబర్లో బాంబే హైకోర్టు చిత్రకారులు సూజా, అక్బర్ పదమ్సీల బొమ్మల్ని అశ్లీలమని పట్టుకున్న కస్టమ్స్ వాళ్ళకి గట్టిగానే చీవాట్లు పెట్టింది. మా వర్క్స్‌లో ఆ మాత్రం నగ్నత్వం కూడా లేదని మళ్ళీ గుర్తు చేస్తున్నాను. ఇదే హైదరాబాద్‌లో నల్సార్ లా యూనివర్సిటీ 2022లోనే హాస్టల్లో ఒక అంతస్తుని జెండర్‌తో పని లేకుండా కేటాయించింది, అక్కడ ఆకాశమేమీ విరిగిపడలేదు.

కుటుంబాల గురించి అంత బెంగ పడుతున్నారు కాబట్టి మా ఇంటి సంగతి కూడా చెప్తాను. మా అమ్మ సిరిసిల్ల దగ్గర బీడీలు చుడుతుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ప్రూఫ్ ప్రింట్లు మంచం మీద పరిచి చూపించాను, ఆ లైను కూడా చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. నాకు గుండె దడదడ, టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. తర్వాత నూనె పెట్టే బొమ్మ తీసి దగ్గరగా పట్టుకుని, "గిట్లనా తల పట్టేది, మెడ విరగదా" అంది. ఆ రాత్రి ఏడ్చింది, నాకు వినిపించింది. పొద్దున్నే మళ్ళీ చాటలో ఆకు పెట్టుకుని కూర్చుంది. ఒప్పుకుందని నేను అనను, ఇప్పటికీ ఫోన్లో పెళ్ళి మాట ఎత్తుతూనే ఉంటుంది. డిస్ప్లేకి వస్తానని మాత్రం టికెట్ చేయించుకుంది. ఆమె కూడా కుటుంబ సందర్శకురాలే కదా. గుడ్డ కప్పి ఉంటే ఆమెకి నేనేం చెప్పాలో కమిటీ వాళ్ళే వచ్చి చెప్పాలి.

మాకు కావలసింది పెద్దదేమీ కాదు. ముందు ఆ కాగితం వెనక్కి తీసుకోండి, తీసుకోరా, అయితే కారణం రాసి పేరుతో సంతకం పెట్టి ఇవ్వండి. వర్క్ చూడకుండా దాన్ని ఆపే అధికారం ఎవరికీ ఉండకూడదు, చూశాక అభ్యంతరముంటే స్టూడెంట్‌ని కూర్చోబెట్టి మాట్లాడండి, అందులో జెండర్ మీద పని చేసినవాళ్ళు బయటి నుంచి ఒకరైనా ఉండాలి. ఏ గదిలో ఏముందో చెప్పే బోర్డు ద్వారం దగ్గర పెడదాం, పిల్లలతో వచ్చేవాళ్ళు చూసి నిర్ణయించుకుంటారు, దానికి మాకు ఏ అభ్యంతరమూ లేదు, బోర్డు నేనే రాసిస్తాను. జ్యూరీ మార్కులకి ఈ గొడవకి సంబంధం ఉండదని రాతపూర్వకంగా ఇవ్వండి, బరోడా కథ తెలిసిన తర్వాత నోటిమాట నమ్మే ధైర్యం మాకు లేదు. నా క్లాస్‌మేట్ హాల్ టికెట్ మీద, లేబుల్ మీద, హాజరు పట్టీలో ఆమె పేరు ఉండాలి. ఆమెకి హాస్టల్ గది విషయం వచ్చే సెమిస్టర్ దాకా వాయిదా వెయ్యొద్దు, వచ్చే సెమిస్టర్‌కి ఆమె కోర్సే అయిపోతుంది, అది మీకూ తెలుసు.

ఇంకోటి, ఇది కాగితంలో లేని విషయమే అయినా దీంతో కలిపే అడుగుతున్నాం. మోడల్ అక్కకి కూలి పెంచండి, సెలవుల నెలలకి కూడా ఇవ్వండి, బట్టలు మార్చుకోవడానికి గడియ పడే గది ఒకటి చూపించండి. గీయించుకున్న బొమ్మల్లో ఏవి గోడకెక్కాలో ఆమెని అడగండి. లేబుల్ మీద పేరు వేయించుకోవడం ఇష్టమో కాదో కూడా ఆమే చెప్తుంది, మీరో నేనో కాదు. ఇవి ఫైన్ ఆర్ట్స్‌కి సంబంధం లేని డిమాండ్లని ఎవరైనా అంటే, ఇరవై ఏళ్ళుగా మన డిపార్ట్‌మెంట్ ఏం గీసిందో స్టోర్ రూమ్ తాళం తీసి చూడమనండి.

డిస్ప్లే శనివారం. శుక్రవారం సాయంత్రం దాకా మేమిద్దరం ప్రింట్ స్టూడియోలోనే ఉంటాం, ఫ్రేములు బిగించే పని ఇంకా సగం ఉంది. కమిటీలో వర్క్స్ చూడనివాళ్ళు ఎప్పుడైనా రావచ్చు, ఒక్కొక్కటీ చూపించి అడిగినదానికల్లా జవాబు చెప్తాం. వచ్చేటప్పుడు స్టాంపు ప్యాడ్ కూడా తెచ్చుకుంటే అక్కడే రాసిచ్చేయొచ్చు.

ఇట్లు,
ప్రింట్‌మేకింగ్, ఎంఎఫ్ఏ చివరి సంవత్సరం విద్యార్థిని